కరప్పాన్ బిడ్డకు చెనిక్కాయ పెట్టొచ్చా?

హోసూరు, డెంకణికోట, సూళగిరి, బరుగూరు, కృష్ణగిరి చుట్టుపక్కల తెలుగిళ్లలో ఈ ప్రసంగం వింటున్న అమ్మలకు, నాయనలకు, మరీ ముఖ్యంగా అవ్వలకు ఈ మాటలు. ఈ పూట మాట్లాడుకోబోయేది మీ ఒళ్లో ఉన్న చంటిబిడ్డ గురించి.

మూడు నెలల బిడ్డ. రెండు బుగ్గలూ ఎర్రగా పేలాయి. చెమ్మ కారి, ఆరి, పైన పొలుసు కట్టింది. మోచేతి మడతల్లో చర్మం గరుకుగా తగులుతోంది. నిద్రలో కూడా బిడ్డ ముఖాన్ని తల్లి భుజానికేసి రుద్దుకుంటోంది. మన ఊళ్లలో దీన్ని చూడగానే కరప్పాన్ అంటారు. డాక్టరు ఎగ్జిమా అంటారు. ఆ మాట ఇంట్లో పడిన మరుక్షణం పథ్యం మొదలవుతుంది. తల్లికి వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, గుడ్డు వద్దు, చెనిక్కాయ అసలే వద్దు. బిడ్డకు అన్నప్రాసన అయినా అదే వరస. "ఒళ్లు మానేదాకా చెనిక్కాయా గుడ్డూ పెట్టొద్దు తల్లీ, ఏడాది దాటనీ" అంటుంది అవ్వ.

ఆ మాట వెనక ఉన్నది బిడ్డమీద ప్రేమే. పైగా ఆ మాట అవ్వ ఒక్కతే చెప్పలేదు. కొన్నేళ్ల కిందట లండన్‌లో, అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఇంచుమించు ఇదే చెప్పారు. తర్వాత వాళ్లే ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో చెబితే, పసిబిడ్డకు ఆహార ఎలర్జీ వచ్చే ముప్పు దేనివల్ల పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో మీకే అర్థమవుతుంది.

ముందు ఎలర్జీ అంటే ఏమిటో తేల్చుకుందాం. తిన్నది పడకపోయిన ప్రతిసారీ ఎలర్జీ అనుకోనక్కర్లేదు. విరేచనాలు పట్టి లేచిన బిడ్డకు కొన్నాళ్లు పాలు సరిగా అరగక కడుపు ఉబ్బరిస్తుంది. అది అరుగుదలకు సంబంధించిన సంగతి. టమాటా చారు అంటుకుని మూతి చుట్టూ ఎర్రబడుతుంది, కాసేపటికి పోతుంది. అది పులుపు చేసిన మంట. ఎలర్జీ వేరు. ఒంటిని కాపాడే రక్షణ వ్యవస్థ, ఆహారంలోని ప్రొటీన్‌ను పొరపాటున శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అదే ఆహారం లోపలికి వచ్చినప్పుడు దానిమీద విరుచుకుపడుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనో, మహా అయితే రెండు గంటల్లోపో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కనురెప్పలు వాస్తాయి, ఆగకుండా వాంతులవుతాయి. ముదిరితే ఊపిరి అందదు.

చంటిబిడ్డల్లో ఎక్కువగా కనిపించేవి ఆవుపాలు, కోడిగుడ్డు ఎలర్జీలు. ఆ తర్వాత చెనిక్కాయ, గోధుమ, జీడిపప్పు, నువ్వులు, చేప, రొయ్య. మన దేశంలో శనగపప్పు లాంటి పప్పులకు కూడా ఎలర్జీ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామందికి పెరిగేకొద్దీ వాటంతటవే పోతాయి. చెనిక్కాయ ఎలర్జీ అంత తేలిగ్గా వదలదు. అయిదుగురిలో ఒకరికి మాత్రమే పోతుంది.

ఇంతకీ మన వైపు ఈ జబ్బు ఎంత ఉంది? హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనూ, అటు మైసూరులోనూ, యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ సర్వేలో భాగంగా లెక్క తీశారు. బడికి వెళ్లే వయసు పిల్లల్లో ఆహార ఎలర్జీ ఉందనిపించినవాళ్లు 0.14 శాతం. అంటే వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో. అదే సర్వేలో హాంకాంగ్ పిల్లల్లో అది 1.5 శాతం, మనకన్నా పది రెట్లు. ఇక ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఏడాది పిల్లలకు డాక్టర్ల ఎదుటే తినిపించి పరీక్షించారు. అక్కడ వందలో పదిమందికి పైగా ఎలర్జీ తేలింది. 2011లో వచ్చిన లెక్క అది.

కర్ణాటక సర్వేలోనే ఇంకో సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. పెద్దవాళ్లకు రక్తపరీక్ష చేస్తే 26.5 శాతం మందిలో ఏదో ఒక ఆహారానికి ప్రతిస్పందన కనబడింది. కానీ మొత్తం పెద్దవాళ్లలో నిజంగా ఎలర్జీ ఉందనిపించినవాళ్లు 1.2 శాతమే. అంటే రక్తపరీక్ష కాగితంమీద పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన బిడ్డకు ఎలర్జీ ఉన్నట్టు కాదు. ఇప్పుడు ల్యాబుల్లో ఒకే రక్తపు చుక్కతో పదుల కొద్దీ ఆహారాలకు పరీక్ష చేసి పెద్ద పట్టీ చేతికిస్తున్నారు. ఆ పట్టీ చూసి పాలు, గోధుమ, గుడ్డు, పప్పు అన్నీ మాన్పిస్తే బిడ్డ బక్కచిక్కిపోతుంది. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే మొదటి సాక్ష్యం. పరీక్ష దాని తర్వాతే.

సరే, ఇక అసలు కథకు వద్దాం. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, ఎలర్జీల వంశంలో పుట్టిన బిడ్డలకు మూడేళ్లదాకా చెనిక్కాయ పెట్టొద్దని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా అదే మాట చెప్పింది. తల్లులు బుద్ధిగా పాటించారు. చెనిక్కాయ ఎలర్జీ మాత్రం తగ్గలేదు, పెరుగుతూ పోయింది.

లండన్‌లో గిడియన్ లాక్ అనే పిల్లల ఎలర్జీ డాక్టరుకు ఇక్కడ అనుమానం వచ్చింది. ఇజ్రాయెల్‌లో చంటిపిల్లలకు బాంబా అనే చిరుతిండి పెడతారు. నోట్లో వేస్తే కరిగిపోయే చెనిక్కాయ బొరుగుల్లాంటిది. అక్కడి పిల్లల్నీ, లండన్‌లో ఉన్న యూదుల పిల్లల్నీ పోల్చి చూశారు. రక్తసంబంధం ఒకటే, తిండి అలవాటు వేరు. లండన్ పిల్లల్లో చెనిక్కాయ ఎలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతం. 2008లో ఈ లెక్క బయటికి వచ్చింది. అదే ఏడాది అమెరికా డాక్టర్లు తమ పాత సలహాను వదిలేశారు. మరుసటి ఏడాది బ్రిటన్ కూడా వదిలేసింది.

ఆ తర్వాత అసలు పరీక్ష జరిగింది. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నవాళ్లనో, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లనో 640 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. వయసు నాలుగు నెలల నుంచి పదకొండు నెలల లోపు. అంటే మన అవ్వ "వద్దే వద్దు" అనే బిడ్డలే. సగంమందికి వారానికి కనీసం మూడుసార్లు చెనిక్కాయ తినిపించారు, మిగతా సగానికి అయిదేళ్లదాకా మాన్పించారు. అయిదేళ్లు నిండాక చూస్తే, మాన్పించిన పిల్లల్లో 17.2 శాతం మందికి చెనిక్కాయ ఎలర్జీ. తిన్న పిల్లల్లో 3.2 శాతం మందికే. 2015లో ఇది అచ్చయింది. ఆ పిల్లలే కౌమారంలోకి వచ్చాక మళ్లీ పరీక్షించారు. చిన్నప్పుడు దొరికిన రక్షణ వాళ్లకు ఇంకా ఉందని 2024లో తేల్చారు.

ఎందుకిలా? గిడియన్ లాక్ చెప్పిన వివరణ ఇది. బిడ్డ ఒంట్లోకి ఆహారపు ప్రొటీన్ రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నోరు, రెండోది పగిలిన చర్మం. మన ఇళ్లలో తలుపు తట్టి లోపలికొచ్చినవాణ్ణి చుట్టం అంటాం, గోడకు కన్నం వేసి దూరినవాణ్ణి దొంగ అంటాం. ఒళ్లు కూడా అంతే. నోటి దారిన, పేగుల్లోకి వచ్చిన ప్రొటీన్‌ను తనవాడిగా ఒప్పుకుంటుంది. ఎగ్జిమా పగుళ్లలోంచి దూరిన ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. బిడ్డకు తినిపించడం ఆలస్యం చేసేకొద్దీ కన్నం దారి ముందు పడుతుంది.

అందుకే ముప్పుల జాబితాలో మొదటిది ఎగ్జిమా. మెల్‌బోర్న్ పరిశీలనలో ఎగ్జిమా ఉన్న ప్రతి అయిదుగురు పసివాళ్లలో ఒకరికి చెనిక్కాయకో, గుడ్డుకో, నువ్వులకో ఎలర్జీ ఉంది. ఎగ్జిమా లేనివాళ్లలో ఇరవై అయిదుగురికి ఒకరే. ఎగ్జిమా ఎంత చిన్న వయసులో మొదలైతే, ఎంత తీవ్రంగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే చర్మం పలచన. చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం ఉంటే చర్మం తొందరగా ఆరిపోయి పగులుతుంది. అది ఎవరి తప్పూ కాదు.

ఇప్పుడు మన ఇంట్లోకి రండి. ఆ పగుళ్లలోకి ప్రొటీన్ దూరే దారుల్లో మొదటిది మన చేతులు. కార్తీకమాసం, చెనిక్కాయలు పీకే రోజులు. వాకిట్లో చెట్టు కుప్పగా పడి ఉంది. అత్తా కోడలూ కూర్చుని కాయలు తెంపుతున్నారు. ఇంకో పక్క చాపమీద ఒలిచిన గింజలు. బిడ్డ ఏడిస్తే అదే చేతుల్తో తీసి ఒళ్లో వేసుకుని, బుగ్గ నిమిరి పాలిస్తారు. అంటే మనం చెనిక్కాయ బిడ్డ నోటికి పెట్టడంలేదు గానీ ఒంటికి పూస్తున్నాం. అమెరికాలో ఇళ్లలోని దుమ్ములో చెనిక్కాయ ప్రొటీన్ ఎంత ఉందో కొలిచి చూశారు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో, దుమ్ములో అది పెరిగేకొద్దీ చెనిక్కాయ ఎలర్జీ కూడా పెరిగింది. కాబట్టి చెనిక్కాయ ఒలిచినా, గుడ్డు కొట్టినా, చేప కడిగినా, సబ్బుతో చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి.

రెండోది నూనె. బిడ్డకు ఒళ్లు పట్టడం మంచి అలవాటే. చర్మం బాగున్న బిడ్డకు ఇబ్బంది లేదు. కానీ పేలిన చర్మంమీద గానుగ చెనిక్కాయ నూనె, గానుగ నువ్వుల నూనె రుద్దకండి. గానుగ నూనెలో గింజ ప్రొటీన్ కొంత మిగిలే ఉంటుంది. చెనిక్కాయ నూనె కలిసిన క్రీములు పేలిన చర్మానికి పూసిన పిల్లల్లో చెనిక్కాయ ఎలర్జీ ఎక్కువగా ఉన్నట్టు 2003లోనే లండన్ డాక్టర్లు గమనించారు. ఆ నూనె తాలింపులోకి భేషుగ్గా ఉంటుంది, కరప్పాన్ మీదికి పనికిరాదు.

మూడోది నలుగుపిండి. శనగపిండీ పెసరపిండీ కలిపి గరగరా రుద్ది నీళ్లు పోస్తాం. పేలిన చర్మంమీద ఆ రుద్దుడు ఇంకాస్త పగులు తెస్తుంది, ఆ పగుల్లోకి పప్పు ప్రొటీన్ వెళ్తుంది. పసుపుతో కలిపామన్న ధీమా అక్కడ పనిచేయదు. జపాన్‌లో ఒక ముఖం సబ్బులో గోధుమ ప్రొటీన్ కలిపి అమ్మారు. దాన్ని రోజూ ముఖానికి రుద్దుకున్నవాళ్లలో రెండు వేలమందికి పైగా గోధుమ ఎలర్జీ పాలయ్యారు. వాళ్లు అంతకుముందు రొట్టె తిన్నవాళ్లే, నూడుల్స్ తిన్నవాళ్లే. 2011లో ఆ సబ్బును వెనక్కి పిలిపించారు. పెద్దవాళ్ల ముఖానికే అలా అయితే పసిబిడ్డ పేలిన బుగ్గ సంగతి ఆలోచించండి.

మరి ఎగ్జిమాకు ఏం చేయాలి? గోరువెచ్చని నీళ్లు, కొద్దిసేపే స్నానం, వాసనలేని మెత్తని సబ్బు, తుడిచీ తుడవకముందే డాక్టరు చెప్పిన క్రీము. మంట ఎక్కువగా ఉంటే డాక్టరు రాసిన పూత మందు, చెప్పినన్ని రోజులు. స్టెరాయిడ్ పూత మందు అనగానే భయపడి మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. డాక్టరు చెప్పిన లెక్కన వాడితే దానివల్ల వచ్చే ఇబ్బందికన్నా, మానని ఎగ్జిమా వల్ల వచ్చే ఇబ్బందే ఎక్కువ. అలాగని ఎగ్జిమా లేని బిడ్డకు పుట్టినప్పటి నుంచీ రోజూ క్రీములు పూస్తే అది రాకుండా ఉంటుందా అంటే, ఉండదు. 2020లో అచ్చయిన రెండు పెద్ద పరీక్షల్లో ఆ ఆశ తేలిపోయింది.

ముప్పుల జాబితాలో తర్వాతివి త్వరగా చెప్పుకుందాం. అమ్మకో, నాయనకో, అన్నకో అక్కకో ఆస్తమా, ఎగ్జిమా, తుమ్ముల జబ్బు, ఆహార ఎలర్జీ ఉంటే బిడ్డకు ముప్పు కొంత పెరుగుతుంది. అయితే వంశం ఒక్కటే రాత రాయదు. ఆస్ట్రేలియాలోనే చూశారు. ఆసియా నుంచి, అందులో ఎక్కువగా తూర్పు ఆసియా నుంచి వెళ్లిన దంపతులకు అక్కడ పుట్టిన పిల్లల్లో గింజల ఎలర్జీ, అక్కడి మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువ. ఆసియాలో పుట్టి, తర్వాత అక్కడికి వెళ్లిన పిల్లల్లో మాత్రం తక్కువ. రక్తం ఒకటే, పుట్టిన చోటు మారింది. మెల్‌బోర్న్ నగరంలో ఇంట్లో అన్నలూ అక్కలూ ఉన్న పిల్లల్లో, కుక్క తిరిగే ఇంటి పిల్లల్లో గుడ్డు ఎలర్జీ తక్కువగా కనిపించింది. మన హోసూరు నుంచీ, బెంగళూరు నుంచీ అమెరికాకూ ఆస్ట్రేలియాకూ వెళ్లి అక్కడ బిడ్డల్ని కంటున్నవాళ్లు ఇది తెలుసుకుని ఉండాలి.

మొదటి నెలల్లో యాంటీబయాటిక్స్ ఇచ్చిన పిల్లల్లో కూడా ఎలర్జీలు కొంత ఎక్కువని చాలా పరిశీలనల్లో కనిపించింది. పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు ఆ మందుకు చచ్చిపోవడమే కారణం కావచ్చని శాస్త్రజ్ఞుల ఊహ. జలుబుకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోసే అలవాటు మానడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇదీ ఒక కారణం. సిజేరియన్ కాన్పుకూ ఎలర్జీకీ లంకె ఉందంటారు గానీ ఆ సాక్ష్యం అంత గట్టిది కాదు. సిజేరియన్ అయిన తల్లి దానికి కుమిలిపోవాల్సిన పనిలేదు.

కుమిలిపోవాల్సిన పనిలేనిది ఇంకొకటుంది. "నువ్వు వంకాయ తిన్నావు, అందుకే బిడ్డకు పేలింది" అనే మాట. కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి పాలు, గుడ్డు, చెనిక్కాయ మానేస్తే బిడ్డకు ఎలర్జీలు రావని రుజువు కాలేదు. బాలింతకు కావలసింది కడుపునిండా తిండి. చాలా అరుదుగా, బిడ్డ విరేచనంలో రక్తం జీర కనిపిస్తే, తల్లిని కొన్నాళ్లు పాల పదార్థాలు మానమని డాక్టరు చెప్పవచ్చు. అది డాక్టరు తేల్చాల్సిన మాట, పక్కింటివాళ్లు తేల్చాల్సింది కాదు.

ఇక ఎప్పుడు, ఎలా పెట్టాలి? ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు. ఆరు నిండగానే అన్నప్రాసన. మన పెద్దలు పెట్టిన ఆ ముహూర్తం సరైనదే. ఆ రోజు పాయసం నాకించి, మళ్లీ ఏడాది నిండేదాకా పాలూ జావతో సరిపెట్టడమే ఇబ్బంది. మన వైపు బిడ్డకు మొదట పెట్టేది రాగి సరి. రాగులు మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, విసిరి, పలచటి గుడ్డలో జల్లించిన పిండి. చెనిక్కాయకు దీనికన్నా మంచి తోడు లేదు. బూజు పట్టని, గట్టి గింజలు ఏరి దోరగా వేయించండి. పొట్టు తీసి, చేతికి పలుకు తగలనంత మెత్తగా పొడి కొట్టండి. ఉడికిన సరిలో ఆ పొడి కలిపి, ఉండ లేకుండా జారుగా చేయండి. బిడ్డకు జ్వరం, జలుబు లేని రోజు చూసి, పొద్దుటి పూట, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు చెంచా కొసన కొంచెం పెట్టండి. పదిహేను నిమిషాలు ఆగండి. ఏమీ లేకపోతే మిగతాది పెట్టండి. రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. పడితే అక్కడితో వదిలేయకండి. వారానికి రెండు మూడుసార్లు పెడుతూనే ఉండండి. ఒకసారి పెట్టి మూడు నెలలు మానితే ప్రయోజనం ఉండదు.

ఒక్క హెచ్చరిక. పొడి మాత్రమే. గింజను గింజగా, పలుకుగా అయిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దు. గొంతులోంచి ఊపిరితిత్తిలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది.

గుడ్డు కూడా అంతే. బాగా ఉడికిన గుడ్డు, మొదట ఆవగింజంత. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు ముందు చర్మాన్ని బాగుచేసి, ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడి రోజూ చిటికెడంత పెట్టారు. ఏడాది వయసుకు వాళ్లలో గుడ్డు ఎలర్జీ 8 శాతం, పెట్టనివాళ్లలో 38 శాతం. పచ్చి గుడ్డు, హాఫ్‌బాయిల్ వద్దు. పెరుగు పెట్టొచ్చు. గ్లాసు పాలు తాగించడం మాత్రం ఏడాది నిండాకే. ఏ ఆవుపాలైనా సరే కాచకుండా పట్టకండి. గోధుమ, పప్పు, చేప, అంగన్‌వాడీలో ఇచ్చే సత్తుమావు, ఒక్కొక్కటీ రెండు మూడు రోజుల తేడాతో అలవాటు చేయండి. కృష్ణగిరి మామిడి కాలం వస్తే ఆ పండు గుజ్జు కూడా.

ఎగ్జిమా బాగా తీవ్రంగా ఉన్న బిడ్డ అయితే, లేదా ఇప్పటికే ఏదో ఆహారానికి దద్దుర్లు లేచిన బిడ్డ అయితే, ఇంట్లో మొదలుపెట్టకండి. పిల్లల డాక్టరును ముందే అడగండి. అడగడం ఆలస్యం చేయొద్దు, నాలుగో నెలలోనే అడగండి. ఆ బిడ్డలకే త్వరగా పెట్టడంవల్ల లాభం ఎక్కువ.

ఎప్పుడు పరిగెత్తాలో కూడా చెబుతాను. తిన్న తర్వాత మూతి దగ్గర రెండు మచ్చలు లేస్తే ఆ ఆహారం ఆపి డాక్టరుకు చూపించండి. ఒళ్లంతా దద్దుర్లతోబాటు వాంతులు పట్టుకున్నా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, బిడ్డ ఉన్నట్టుండి వాలిపోయినా, ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. దీనికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండకు వేస్తారు. సిరప్పులు, దిష్టి తీయడాలు, ఉప్పునీళ్లతో వాంతి చేయించడాలు ఆ సమయంలో వద్దు. బిడ్డను పడుకోబెట్టే ఉంచండి. ఊపిరి ఆడకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఆస్పత్రిలో మొదటి మాటగా ఏం తిన్నదో, ఎంతసేపైందో చెప్పండి.

ఇక మొదట అడిగిన ప్రశ్న. కరప్పాన్ బిడ్డకు చెనిక్కాయ పెట్టొచ్చా? పెట్టొచ్చు. ఆ బిడ్డకే ముందు పెట్టాలి. ఒక పక్క చర్మానికి వైద్యం చేయిస్తూనే డాక్టరును అడగండి, మెత్తటి పొడి చేసి సరిలో కలిపి నోటికి పెట్టండి. నూనె, నలుగు, ఒలిచిన చేతులు మాత్రం ఆ పేలిన బుగ్గకు దూరంగా ఉంచండి. అవ్వలారా, మీ మాటే ఇంట్లో చెల్లుతుంది కాబట్టి ఈ మాట మీ నోట వస్తేనే కోడలు ధైర్యంగా చెంచా పట్టుకుంటుంది.